దివాన్ లేని దేవిడీ

మూట మీద మోకాలు ఆనించి, పురికొస రెండు చేతులకూ చుట్టుకుని, హమాలీ ఒక్క గుంజు గుంజాడు. నైటీలు, పిల్లల గౌన్లు, లుంగీలు కలిపి కట్టిన మూట అప్పటిదాకా మెత్తగా పొంగి ఉన్నది కాస్తా రాయిలా బిగిసింది. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో ‘చర్ల’ అని పెద్ద అక్షరాలు రాశాడు. మా పెదనాన్న కొడుకు పక్కనే నిలబడి, బిల్లు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

చర్లలో ఆయనకు చిన్న బట్టల కొట్టుంది. చుట్టుపక్కల సంతల్లో పరదా కట్టుకుని కూడా అమ్ముతాడు. సరిహద్దు అవతల బీజాపూర్ జిల్లా నుంచి, పామేడు దిక్కు నుంచి, ఇంకా లోపల తర్రెం దిక్కు నుంచి వచ్చిన కోయవాళ్లు ఆ పరదా కింద గొంతుక్కూర్చుని, గుడ్డను వెలుతురుకు పట్టి నేత చూసుకుని, ఆ తర్వాతే ధర అడుగుతారట. సరుకు కోసం అన్న ఇరవై ఏళ్లుగా హైదరాబాదు పాతబస్తీకి వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ ఇక్కడికే.

“తమ్ముడూ, ఇన్నేళ్ల నుంచి వస్తన్నా గాని ఎవర్నీ అడగలేదురా. దివాన్ దేవిడీ, దివాన్ దేవిడీ అంటారు గదా. ఇంతకీ ఆ దివాన్ ఎవరు? దేవిడీ ఏదీ?”

చుట్టూ చూశాను. అంతస్తు మీద అంతస్తుగా దుకాణాలు. మెట్ల మీద మూటలు, మూటల మధ్య టీ గ్లాసులు పట్టుకుని తిరిగే కుర్రాళ్లు. తల మీదుగా తీగల గుత్తులు. వీటన్నిటికీ అంచున, సున్నం పెచ్చులూడిన ఒక పాత కమాను.

“మనం నిలబడ్డ జాగానే అన్నా. ఇదంతా ఒకటే ఇల్లు.”

అన్న నవ్వలేదు. మళ్లీ ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. “ఇదంతానా?” అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ కథనం.

మాట మిగిలింది

దేవిడీ అంటే అసలు అర్థం గడప, వాకిలి. ఉర్దూలో డ్యోఢీ. హైదరాబాదులో ఆ వాకిలి పేరే లోపలి ఇల్లంతటికీ పేరైంది. నవాబులు, జాగీర్దార్లు ఉండే ఇళ్లన్నీ దేవిడీలే. బయట నుంచి చూస్తే ఎత్తయిన గోడ, పెద్ద దర్వాజా తప్ప ఏమీ కనిపించదు. లోపలికి వెళ్తే ఆవరణ వెనక ఆవరణ: మగవాళ్ల మర్దానా, ఆడవాళ్ల జనానా, కొలువు తీరే దివాన్‌ఖానా, నడుమ హౌజు, దాంట్లో ఫవ్వారా. మన మండువా లోగిలి లాంటిదే, కాకపోతే ఒక పేటంత మండువా.

తెలుగువాళ్లకు ఈ మాట కొత్తది కాదు. మా అమ్మమ్మ చర్ల దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. డబ్బాలో బియ్యం నిండుకున్న రోజున మూత వేస్తూ ‘ఇంకేముంది, దేవిడీమన్నా’ అనేది. ఆ మాట కొలువుల నుంచి వచ్చిందని ఆమెకు తెలియదు. దొరవారి వాకిట్లో కాపలావాడు ‘ఈ రోజు దర్శనం లేదు, వెళ్లండి’ అని చెప్పే మాట అది. మన్నా అంటే వద్దనడం. ఎన్ని వాకిళ్ల ముందు ఎంతమంది ఎండలో నిలబడి, ఆ మాట విని, వెనక్కి తిరిగి వెళ్తే అది బియ్యం డబ్బా దాకా వచ్చి చేరి ఉంటుంది!

దేవిడీల్లో పెద్దపేరు దివాన్ దేవిడీదే. నిజాం రాజ్యానికి దివాన్లుగా, అంటే ప్రధానమంత్రులుగా, పనిచేసిన ఒకే కుటుంబం ఇక్కడ తరాల తరబడి కాపురముంది. మీర్ ఆలం, మునీరుల్ ముల్క్, సిరాజుల్ ముల్క్, ఆ తర్వాత ముగ్గురు సాలార్‌జంగులు. మీర్ ఆలం మండీలో కూరగాయలు కొనేవాళ్లూ, జూపార్కు పక్కన మీర్ ఆలం చెరువు కట్టను, ఆ 21 అర్ధచంద్రాకారపు కమాన్ల వరసను చూసి ఆగిపోయేవాళ్లూ ఆ కుటుంబం పేరును రోజూ తలుస్తూనే ఉంటారు.

మూసీ దక్షిణపు ఒడ్డున, చార్మినార్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఛత్తాబజార్‌నూ దారుల్‌షిఫానూ ఆనుకుని ఉండేది ఈ ఇల్లు. ఇల్లని ఏకవచనంలో అంటున్నాను గానీ నిజానికి అది భవనాల గుంపు. నిజాంబాగ్, నూర్ మహల్, లక్కడ్ కోట్, ఐనాఖానా, చీనీఖానా. లక్కడ్ కోట్‌లో కొయ్యపని. ఐనాఖానాలో గోడలకు అద్దాలు. సాయంత్రం దీపాలు వెలిగిస్తే ఒక్క దీపం వందగా కనిపించే ఏర్పాటు. చీనీఖానా సంగతి వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ గది గోడలకు చీనా పింగాణీ పళ్లేలు పొదిగారు. మన ఇళ్లలో పెళ్లికి వచ్చిన స్టీలు పళ్లేలు అటక మీద బోర్లిస్తాం. వాళ్లు సముద్రాలు దాటి వచ్చిన పింగాణీని గోడకు నగలా పెట్టుకున్నారు. ఆ గోడను పట్టుకుని నడిస్తే వేళ్లకు గచ్చు గరుకూ పింగాణీ నునుపూ మార్చి మార్చి తగిలేవి కాబోలు. కూల్చినప్పుడు అది గోడలా కూలి ఉండదు. ఎంత చప్పుడై ఉంటుందో!

వాకిలి దాటని దివాను

ఈ ఇంటికి మంచిరోజులు వచ్చింది విక్టోరియా రాణి కాలంలో, మొదటి సాలార్‌జంగ్ హయాంలో. అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్, పుట్టింది 1829లో. 1853లో తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ చనిపోతే దివాను పదవి 24 ఏళ్ల ఈ కుర్రవాడి నెత్తిన పడింది. నెత్తిన పడిందనే అనాలి. కొద్ది రోజుల ముందే, బాకీల కింద బీరార్‌ను ఇంగ్లీషువాళ్లకు అప్పగిస్తూ ఒప్పందం జరిగింది. ఖజానా ఖాళీ. పన్ను వసూళ్లు గుత్తేదార్ల చేతుల్లో ఉన్నాయి. జీతాలు రాని అరబ్బు సిపాయిలూ, వడ్డీలకిచ్చిన సాహుకార్లూ వాకిట్లో కాచుకుని ఉన్నారు.

ముప్పయ్యేళ్లు పనిచేశాడాయన. గుత్తలు రద్దు చేశాడు, నాణేన్ని ఒక దారికి తెచ్చాడు. 1865లో జిలాబందీ జరిపాడు. ఇవాళ తెలంగాణలో మనం ‘మాది ఫలానా జిల్లా’ అని చెప్పుకుంటున్నామంటే, జిల్లాకొక అధికారి, కింద తాలూకాలు, పైన సుబాలు అనే వరస ఈ నేలకు వచ్చింది అప్పుడే. కలెక్టరుకు బదులు ‘అవ్వల్ తాలూక్‌దార్’ అనేవారు. పోలీసు, రెవెన్యూ, న్యాయం విడివిడి శాఖలయ్యాయి. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలొచ్చింది. వీటిలో చాలా వాటి మంచిచెడ్డలు తేలింది ఈ గోడల మధ్యనే.

అంత పెద్ద మంత్రి తన ఇంటి వాకిలి తన ఇష్టానికి దాటలేకపోయేవాడంటే నమ్ముతారా? ఐదో నిజాం అఫ్జలుద్దౌలాకు ఆయన మీద ఎప్పుడూ అనుమానమే. 1857లో ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడ్డాడనే కోపం ఊళ్లో సరేసరి. నగరం బయట తన తోటలో విందు ఇవ్వాలన్నా, ఇంగ్లీషు రెసిడెంటును కలవాలన్నా, దండు కవాతు చూడ్డానికి వెళ్లాలన్నా ముందుగా ఏలినవారి అనుమతి రావాలి. అనుమతి రాకపోతే బయటి దర్వాజా దగ్గరే ఆగిపోవాలి. జనానికి దేవిడీమన్నా అంటే లోపలికి రావద్దని. ఆ ఇంటి యజమానికి మాత్రం అదే వాకిట్లో బయటికి పోవద్దని. 1859లో ఒకసారి, 1868లో ఇంకొకసారి ఆయన మీద హత్యాయత్నం జరిగింది. 1869లో అఫ్జలుద్దౌలా కన్నుమూసి, పసివాడైన మహబూబ్ అలీఖాన్ గద్దెనెక్కి, రాజ్యభారం మంత్రి మీద పడ్డాకే ఆ దర్వాజా ఆయన కోసం పూర్తిగా తెరుచుకుంది.

1857లో ఆయన తీసుకున్న పక్షాన్ని నేను వెనకేసుకు రాను. ఆ జూలైలో తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ఆ పోరాటాన్ని అణచడంలో దివానుకు పెద్ద పాత్ర ఉంది. ఇంటి చరిత్ర అంటే అందులో ఉన్నవాళ్లు చేసిన మంచి ఒక్కటే రాసుకోవడం కాదు. ఇల్లు నిలిచి ఉంటే ఈ సంగతి కూడా అక్కడే నిలబడి పిల్లలకు చెప్పేవాళ్లం.

చర్ల చేతులు మారిన వేళ

అన్నకు ఇక్కడిదాకా చెప్పాక, “మన చర్లకూ ఈ ఇంటికీ ఒక లెక్కుంది” అన్నాను. మూటల మీద కూర్చున్నాడు. కుర్రాడు టీ తెచ్చి ఇచ్చాడు.

1860 డిసెంబరు దాకా మా చర్ల నిజాం రాజ్యంలోది. గోదావరికి ఎడమ గట్టున ఉన్న సిరోంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలన్నీ హైదరాబాదువే. ఆ పక్కనే బస్తర్ రాజ్యం, అంటే ఇప్పటి తర్రెం, పామేడు ఉన్న అడవి. ఆ నెలలో జరిగిన ఒప్పందంతో ఈ ఎడమ గట్టంతా ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. బదులుగా రాయచూరు దోఆబ్, నల్‌దుర్గ్ నిజాంకు తిరిగొచ్చాయి, సురపురం కలిసింది, 50 లక్షల రూపాయల బాకీ కొట్టివేశారు. అప్పటి దివాను సాలార్‌జంగే.

ఇంగ్లీషువాళ్లకు ఆ అడవి ఎందుకు కావలసి వచ్చింది? గోదావరి మీద పడవలు నడపడానికి. విదర్భ పత్తిని నదిలో సముద్రం దాకా దించి మాంచెస్టర్ మిల్లులకు పంపాలని వాళ్ల ఆలోచన. కొద్ది నెలల్లోనే అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో ఆ ఆరాటం ఇంకా పెరిగింది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు అందుకోసం కట్టినవే. ఈలోగా రైళ్లు వచ్చేశాయి. 1871లో పని మానేశారు. ఆనకట్ట మాత్రం ఇప్పటికీ ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే దాని రాళ్లు మేమంతా చూసినవాళ్లమే.

ఆ ఆరు తాలూకాలూ తలా ఒక దారిన తిరిగాయి. ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో సిరోంచ ముఖ్యపట్టణంగా ఎగువ గోదావరి జిల్లా. ఆపైన విడతలవారీగా మద్రాసు కిందికి. సిరోంచ ఒక్కటే అటువైపు ఉండిపోయి ఇవాళ మహారాష్ట్రలో ఉంది. మేం 1956లో మళ్లీ హైదరాబాదు రాజధానిగా ఉన్న రాష్ట్రంలోకి వచ్చాం, 1959లో ఖమ్మం జిల్లాలో కలిశాం. అంటే ఈ దేవిడీతో తెగిన సంబంధం మళ్లీ అతుక్కోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

“అయితే మనల్ని అడగనే లేదన్నమాట,” అన్నాడు అన్న.

అడగలేదు. తర్రెంలో అడవి కొట్టుకుని జొన్న చల్లుకునే మనిషికి పక్కూరు ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి పోయిందని కబురు చేసిన వాళ్లు కూడా ఉండి ఉండరు. ఆ మనిషి మాత్రం చర్ల సంతకు రావడం మానలేదు.

ముసుగు వేసుకున్న పాలరాతి పిల్ల

1876లో సాలార్‌జంగ్ యూరప్ బయల్దేరాడు. బీరార్‌ను వెనక్కి ఇమ్మని లండన్‌లో స్వయంగా అడగాలని ఆయన పట్టుదల. దారిలో రోమ్‌లో ఆగినప్పుడు జొవాన్ని మారియా బెంజోని చెక్కిన రెబెక్కా విగ్రహం కొన్నాడు. పారిస్ హోటల్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలితోనే లండన్ వెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు డాక్టరేట్ ఇచ్చారు, విందులు జరిగాయి, సన్మానాలు జరిగాయి. బీరార్ మాత్రం ఇవ్వలేదు. అడిగింది దక్కక, విరిగిన కాలితో, ఒక పాలరాతి బొమ్మతో ఇంటికి తిరిగొచ్చాడు. ఇప్పుడు మ్యూజియంలో ముసుగు వెనక ఆ పిల్ల ముఖం చూసి ‘రాతిలో పల్చటి గుడ్డ ఎలా చెక్కాడో’ అని అబ్బురపడతాం. నాకు మాత్రం ఆ ప్రయాణం గుర్తొచ్చి మనసు బరువెక్కుతుంది.

1883 ఫిబ్రవరిలో ఒక జర్మన్ ప్రభువు అతిథిగా వస్తే, మీర్ ఆలం చెరువు మీద పడవ విహారం ఏర్పాటుచేశాడు. ఆ వెంటనే కలరా తగిలింది. 8వ తేదీన ప్రాణం పోయింది. పూర్వీకుడు తవ్వించిన చెరువు మీదే ఆఖరి వేడుక.

కొడుకు రెండో సాలార్‌జంగ్ మీర్ లాయఖ్ అలీఖాన్ మూడేళ్లు దివానుగా ఉన్నాడు. రాజ్య వ్యవహారాల్లో ఫారసీ స్థానంలోకి ఉర్దూ వచ్చింది ఆయన రోజుల్లోనే, 1884లో. 1889 జూలైలో ముప్పయ్యేళ్లైనా నిండకుండా పోయాడు. అప్పటికి ఇంట్లో నెల రోజులైనా నిండని మగబిడ్డ. ఆ పసివాడే మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్.

ఆ పిల్లవాడు పెరిగి 1912లో దివానయ్యాడు, 1914లో తప్పుకున్నాడు. ఇక ఆ తర్వాత ముప్పయ్యైదేళ్లు చేసిన పని ఒకటే: వస్తువులు పోగుచేయడం. పెళ్లి చేసుకోలేదు. దేశదేశాల దళారులు ఈ వాకిట్లో బారులు తీరేవారు. పచ్చరాయితో చేసిన ఇల్తుత్‌మిష్ పేరున్న పుస్తకపీట, జహంగీర్, నూర్జహాన్‌లవని చెప్పే కత్తులు, ఖురాన్ రాతప్రతులు, దంతపు కుర్చీలు, గడియారాలు, ఆట బొమ్మలు. గదులు నిండాయి, ఆవరణలు నిండాయి. మనుషులు తగ్గిపోతున్న ఇంటిని ఆయన వస్తువులతో నింపుకుంటూ వచ్చాడేమో అనిపిస్తుంది నాకు.

1949 మార్చి 2న ఆయన పోయాడు. అదే సంవత్సరం ఆగస్టులో జాగీర్ల రద్దు. ఇల్లు నిలబెట్టే మనిషి లేడు, నిలబెట్టే రాబడీ లేదు. దేవిడీల కూల్పు గడ్డపారతో మొదలైందనుకుంటాం గానీ అసలు పునాది కదిలింది ఆ సంవత్సరమే. ఊళ్ల నుంచి వచ్చే శిస్తు ఆగిపోయాక సున్నం కొట్టించడానికి కూడా దిక్కుండదు అంత పెద్ద ఇంటికి.

సామాను బతికింది

ఇక్కడ ఒక మంచి పని జరిగింది. దాన్ని మనసారా మెచ్చుకోవాలి. వారసులు చాలామంది, సంపద అపారం; మామూలుగా అయితే పంపకాల్లో పచ్చరాయి ఒకరికీ పుస్తకాలు ఒకరికీ పోయి, లండన్ వేలంపాటల్లో తేలేవి. అలా జరగనివ్వలేదు. ప్రభుత్వం ఎస్టేట్ కమిటీ వేసింది. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి వస్తువుల్ని సర్దించారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఈ దివాన్ దేవిడీలోనే సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించారు. వారసులు కోర్టు ద్వారా రాజీకి వచ్చి సేకరణ మొత్తాన్ని జాతికి వదిలేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థగా ప్రకటించింది.

అంటే దాదాపు పదిహేడేళ్లు ఈ ఇంటి వాకిలి అందరికీ తెరిచి ఉంది. తరాలుగా దేవిడీమన్నా విన్న చోట టికెట్టు కొనుక్కుని రైతులు, కూలీలు, బడిపిల్లలు నడిచారు. నవాబు పడుకున్న గది, ఆయన రాసుకున్న బల్ల, ఆ బల్ల మీది గడియారం, ఆ గడియారం చూపు ఆనే కిటికీ, కిటికీ అవతలి హౌజు, అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండగా చూశారు.

అయితే ఇల్లు మ్యూజియానికి ఇరుకైంది. జనం పెరిగారు, వస్తువులకు భద్రత కావాలి. దారుల్‌షిఫాలో, మూసీ ఒడ్డున కొత్త భవనం కట్టి 1968లో అన్నీ అక్కడికి తరలించారు. నడిచి వెళ్తే ఎంతో దూరం లేదు. వస్తువుకొక నంబరు ఇచ్చారు, చిట్టా రాశారు, జాగ్రత్తగా మోశారు. సుమారు 43,000 కళావస్తువులు, 9,000 రాతప్రతులు, 47,000 అచ్చు పుస్తకాలు ఇవాళ ఆ సంస్థ లెక్కలో ఉన్నాయి.

ఇంటికి మాత్రం నంబరు ఇవ్వలేదు. మూడు తరాల దివాన్లు కొన్నవాటినీ తెచ్చినవాటినీ కాపాడాలని చట్టం వచ్చింది. అవన్నీ ఎక్కడ పెట్టాలని కొన్నారో, ఏ గోడకు ఏ అద్దం అని ఎక్కడ నిలబడి ఆలోచించారో ఆ చోటు చట్టంలో లేదు. ఖాళీ అయిన ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఐనాఖానా పోయింది, లక్కడ్ కోట్ పోయింది, పళ్లేల గోడ పోయింది. ఆ స్థలంలో వాణిజ్య సముదాయాలు లేచాయి. అంచుల్లో దర్వాజాలు మిగిలాయి. మిగతాది చూడాలంటే దీన్ దయాళ్ లాంటివాళ్లు 19వ శతాబ్దం చివర్లో తీసిన ఫొటోలే గతి.

హైదరాబాదులో కట్టడాలకు వారసత్వ జాబితా, రక్షణ నిబంధన వచ్చింది 1995లో. అది వచ్చాక కూడా అన్నీ నిలవలేదు. మాల్వాలా కాయస్థ కుటుంబం 1845లో కట్టుకున్న ప్యాలెస్, నిజాం రాజ్యపు లెక్కలు రాసిన ఇల్లది, జాబితాలో ఉండగానే 2000లో గడ్డపారల పాలైంది. బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు ఒక కూడలి పేరు. 2019లో ఇర్రం మంజిల్‌ను పడగొట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది గనుక అది ఇంకా మన కళ్ల ముందుంది.

ఈ మాట ఎత్తితే కొందరు మిత్రులు కోపగించుకుంటారు. ‘జాగీర్దార్ల ఇళ్లు పోతే పోనీ, రైతుల నెత్తురు పిండి కట్టినవేగా’ అంటారు. పిండిన మాట నిజం. జాగీరు ఊళ్లలో వెట్టి చేసిన మనుషుల మనవళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. అందుకే ఆ ఇల్లు మనది కూడా అంటాను. సున్నానికీ రంగుకూ ఇచ్చిన డబ్బు, చీనా పళ్లేనికి ఇచ్చిన డబ్బు, రోమ్ నుంచి విగ్రహం మోయించిన డబ్బు పొలాల్లోంచి వచ్చిందే. సొమ్ము మనది కాబట్టే విగ్రహాలు జాతికి చెందాయి. అదే లెక్కన గోడలూ చెందాలి కదా! మన తాతలు కట్టిన శిస్తు దేనిగా మారిందో చూసే హక్కు మనకుంది. దాన్ని కూల్చినవాళ్లు నవాబుల మీద పగ తీర్చుకోలేదు. మన వాటాను మనకు చెప్పకుండా ముక్కలు చేశారు.

నాకు ఈ నొప్పి ఎందుకో కూడా చెప్పేస్తాను. మా తాత కట్టిన నాలుగు దూలాల పెంకుటిల్లు మేమే పంపకాల్లో పడగొట్టుకున్నాం. బీరువా ఒకరు, గంగాళం ఒకరు, పందిరిమంచం ఒకరు తీసుకున్నాం. ఆ మంచం ఇప్పుడు మా ఇంట్లో ఒక గదికి అడ్డం. దాని కోళ్ల మీద చిలకలు అలాగే ఉన్నాయి. మంచం మీద పడుకుంటే పైన కనిపించిన దూలం లేదు, దూలానికి వేలాడిన ఉయ్యాల కొక్కెం లేదు. పిల్లలకు మంచం చూపిస్తాను. అంతకుమించి ఏం చూపించాలో తెలియక ఆగిపోతాను.

గంట కొట్టే మనిషి

మూటలు సాయంత్రం గాని లారీ ఆఫీసుకు వెళ్లవు. “పద అన్నా” అని మ్యూజియానికి తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లలో ఆయన ఒక్కసారీ చూడలేదు. సరుకు పని అయితే బస్సు, బస్సు దిగితే కొట్టు.

పన్నెండు కావస్తోంది. గడియారం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ దుకాణం నుంచి మూడో సాలార్‌జంగ్ కొన్న గడియారమిది. ఒక పక్కన చిన్న కమ్మరివాడు సుత్తితో టిక్కుటిక్కున క్షణాలు కొడుతూనే ఉన్నాడు. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎవరో ‘ష్’ అన్నారు. అంతమంది ఉన్న చోట ఒక్కసారిగా నిశ్శబ్దం. తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టడం మొదలుపెట్టాడు. అన్న పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. పన్నెండూ కొట్టి ఆ మనిషి లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది. జనం చప్పట్లు కొట్టారు.

“ఇది ఆ ఇంట్లోదేనా?” అన్నాడు అన్న.

“ఆ ఇంట్లోదే.”

“అక్కడ ఎవరు వినేవాళ్లో!”

నౌకర్లు విని ఉంటారు, వంటవాళ్లు విని ఉంటారు. అర్జీ పట్టుకుని వాకిట్లో కూర్చున్న మనిషికి కూడా గాలి ఇటు తిరిగినప్పుడు ఒక గంటో రెండు గంటలో వినిపించి ఉంటాయి. చెప్పబోయి ఊరుకున్నాను. అన్న అప్పటికే రెబెక్కా గదికి దారి అడుగుతున్నాడు. విగ్రహం ముందు చాలాసేపు నిలబడ్డాడు. బట్టల వ్యాపారి కదా, ముసుగు మడతలనే చూశాడు. పైనుంచి కింద దాకా రెండుసార్లు చూసి, “మల్లు గుడ్డ,” అన్నాడు మెల్లగా.

తిరిగి దేవిడీకి వచ్చేసరికి నాలుగు దాటింది. ట్రాలీ ఆటోలో మూటలు ఎక్కించారు. ‘చర్ల’ అని రాసిన మూట అన్నిటికన్నా పైన ఉంది. ఆటో పాత దర్వాజా కిందికి వచ్చి ఆగింది. మూట మరీ ఎత్తయింది. హమాలీ పైకెక్కి మూటను పక్కకు ఒరిగించి చేత్తో అదిమి పట్టాడు. “పోనీ, పోనీ” అంటూ అన్న వెనక నుంచి నెట్టాడు. కమాను లోపలి గచ్చుకు గోనెగుడ్డ రాసుకుంది. నలకంత సున్నం రాలి ‘చర్ల’ మీద పడింది. ఆటో దర్వాజా దాటి బయట రోడ్డెక్కింది.

అన్న ఒక క్షణం ఆగాడు. వెనక్కి తిరిగి, తల ఎత్తి, ఇరవై ఏళ్లుగా దాటుతున్న ఆ కమానును చూశాడు. చెయ్యి చాచి గోడను తాకి, వేళ్లకంటిన సున్నాన్ని దులపకుండానే ఆటో వెంట నడిచాడు.